కొండ దారికి అన్ని మెలికలెందుకు?

హిందూ మహాసముద్రంలోని రీయూనియన్, అగ్నిపర్వతాలు కక్కిన లావాతో పుట్టిన ద్వీపం. అక్కడ సిలావోస్ అనే కొండ ఊరు సుమారు 1,200 మీటర్ల ఎత్తున ఉంది. తీరం నుంచి సైకిల్ మీద వెళ్లాలంటే '400 మలుపుల దారి' ఎక్కాలి. తిన్నగా వేస్తే పోయేదిగా అంటారా?

మేడ మీదికి నిటారు నిచ్చెన కంటే వాలు మెట్లు తేలిక కదా! ఎక్కే ఎత్తు ఒకటే. దూరం పెరిగితే ఒక్కో అడుగుకి పడే శ్రమ తగ్గుతుంది. గేరుదీ అదే లెక్క: వెనక పెద్ద పళ్లచక్రం మీదికి గొలుసు మారితే ఎక్కువసార్లు తొక్కాలి, కానీ తొక్కుకి తక్కువ బలం చాలు. అయినా కాళ్లు పీకుతాయి, అది వేరే సంగతి.

మరి రీయూనియన్ కొండల్ని అంత నిటారుగా కోసిందెవరు? ఎక్కువగా వానే. 1966లో ఆ ద్వీపంలో ఒకచోట 24 గంటల్లో 1.8 మీటర్లకు పైగా కురిసింది. అంటే మీకంటే ఎత్తు!