రాచపుండు రోగులును అంటువ్యాధులును



రాచపుండునకు మందు పుచ్చుకొనుచున్నవానికి ఆటలమ్మ పోసిననేమి, జలుబు చేసిననేమి, పెద్దరోగము ముందు చిన్నరోగమొక లెక్కయా యని మన దామరచర్లలో పలువురు పలుకగా వింటిని. లెక్కయే. కారణము చెప్పెదను.

రాచపుండనగా దేహములోని కణములు హద్దులేక పెరుగుట. వానిని చంపు మందులు శీఘ్రముగా పెరుగు ఇతర కణములను గూడ గొట్టును. ఎముకల మూలుగలో పుట్టు తెల్లరక్తకణములు అట్టివే. అవియే దేహమునకు కావలివాండ్రు. చేను మేయు పందులను తోలబోయి కంచెను విఱుగగొట్టినట్లని బడిపిల్లలకు చెప్పుచుండెడివాడను.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో తమ సహచరులతో సిద్ధపఱచిన అమినోప్టెరిన్ అను మందును బోస్టను నగరపు వైద్యుడు సిడ్నీ ఫార్బరు రక్తపు క్యాన్సరు గల 16 మంది పిల్లలకిచ్చి, 10 మందిలో మేలు కనుగొని 1948లో ప్రకటించెను. (ఆయన తెలుగువాడని చెప్పుకొనుటకు నాకెంతయో ఇష్టము.) ఆ మేలు తాత్కాలికమే యైనను త్రోవ తెఱచినది. దాని తోబుట్టువు వంటి మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. కాని యిట్టి మందులతో బ్రదికిన పిల్లలకే ఆటలమ్మ ప్రాణాంతకమగుచు వచ్చినది. ఆరోగ్యవంతునికి చర్మముమీదనే తీరిపోవు నా వైరసు వీరిలో ఊపిరితిత్తులకును కాలేయమునకును ప్రాకును.

అమ్మవారు పోసిన యింట మందు ముట్టరాదను ఆచారము మనకు కలదు. వేపమండలు కట్టుడు, చల్లదనము చేయుడు, నేను వలదనను. కాని రాచపుండు రోగి ఆ యింట అడుగిడినచో, పొక్కు లేచువఱకు ఆగక, ఆ దినముననే వైద్యునకు తెలుపవలెను. ఎసైక్లోవిర్ వంటి మందులు తొలినాళ్లలోనే బాగుగా పనిచేయును. పొక్కులు కనబడుటకు ఒకటి రెండు దినములు ముందునుండియే ఆ రోగమంటును.

కొన్ని వైరసులు వెలుపలినుండి రానక్కఱలేదు. ఎన్నడో పోసిన ఆటలమ్మ నరములలో నిద్రించి, బలము తగ్గగానే సర్పియై లేచును. హెపటైటిస్ బి కాలేయమందు అట్లే పొంచియుండును. చికిత్స నడుమ అది లేచి కాలేయము చెడి మరణించినవారు కలరు. ముందుగా రక్తపరీక్ష జరిగినచో దానిని అణచియుంచు మాత్రలు కలవు. హైదరాబాదులో 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగు క్యాన్సరు ఆసుపత్రికి పోయినను, మఱియొకచోటికి పోయినను, ఈ పరీక్షను గూర్చి యడుగుడు.

2020లో కరోనా వ్యాపించినపుడు రక్తపు క్యాన్సరు గలవారిలో మరణములు తక్కినవారికంటె హెచ్చుగా కనబడెను. టీకా సైతము వారిలో పలువురికి చక్కగా పట్టలేదు. కావున ఇంటివారు టీకాలు వేసికొనుటయే రోగికి కంచె. బ్రదికిన క్రిమి గల టీకాలు చికిత్స నడుమ రోగికి సాధారణముగా వేయరు. చచ్చిన క్రిమితో చేసిన ఫ్లూ టీకా వేయవచ్చును.

రోగిని పరామర్శింపబోవుట మన ధర్మమే. దగ్గు, జలుబు గలవాడు గడప యవతలనుండియే పలుకరింపవలెను. రోగికి జ్వరము 100.4 డిగ్రీలు ముట్టినచో తెల్లవాఱువఱకు ఆగక, రాత్రియైనను మిర్యాలగూడకు వాహనము కట్టించి, చికిత్స కాగితములన్నియు వెంట గొనిపొండు.