వంగ పూవు - ఒంటరి ఈగ - పురుగుమందు

ఆకివీడు నుండి ఉప్పుటేరు వైపు నడచిపోవు వారికి చేపల చెరువుల గట్లమీద వంగ, బెండ, బీర మొక్కలు కనిపించును. ఉదయపు ఎండలో ఒక వంగ పూవు దగ్గర కాసేపు నిలిచి చూడుడు. నల్లని తుమ్మెదయో, పొట్టపై నీలిచారలు గల చిన్న ఈగయో వచ్చి, పూవును కాళ్లతో పట్టుకొని 'జుయ్' మని గట్టిగా మ్రోగును. ఆ మరుక్షణమే పుప్పొడి దాని ఒంటిమీద రాలును.

ఈ మ్రోత ఎందులకు? వంగ కేసరములు మూసిన గొట్టముల వంటివి. కొనయందు మాత్రమే సన్నని రంధ్రములుండును. జల్లెడను తట్టినగాని పిండి దిగనట్లు, కేసరములు అదరినగాని పుప్పొడి బాగుగా రాలదు. మనము పెట్టెలలో పెంచు తేనెటీగలకు ఈ విద్య చేతకాదు.

"మేష్టారూ, పూత రాలిపోతోందండి, ఏం మందు కొట్టమంటారు?" అని రైతులు అడుగుచుందురు. పూత రాలుటకు కారణములు పెక్కు. కాని మ్రోగు ఈగ రాకపోవుట కూడ అందులో ఒకటి కావచ్చును. అట్టిచోట మరొక మందు కొట్టినచో రోగమునకు రోగమే చికిత్స యగును.

ఈ ఈగలలో రాణి లేదు, దాసీలు లేరు, పట్టు లేదు. ప్రపంచమున తెలిసిన సుమారు 20,000 జాతుల తేనెటీగలలో అధికభాగము ఇట్టి ఒంటరివే. తల్లి ఒక్కతెయే గూడు కట్టి, పుప్పొడిని తేనెతో ముద్దచేసి, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క ముద్దపై ఒక్కొక్క గ్రుడ్డు పెట్టును. తుమ్మెద ఎండుకొయ్యను తొలుచును. నీలిచారల ఈగ గట్టుమట్టిలో, మట్టిగోడలో గూడు చేయును. మరొక జాతి గులాబి, కంది మొదలగు వాని ఆకులను గుండ్రముగా కత్తిరించి గూటికి పరచుకొనును. పాపము, దానిని చీడయని తలచి మందు చల్లువారును కలరు!

తేనెపట్టులో రాణి రోజుకు వేయికి పైగా గ్రుడ్లు పెట్టగలదు. కొన్ని వందల కూలి ఈగలు చచ్చినను పట్టు కోలుకొనవచ్చును. ఒంటరి తల్లి జీవితకాలములో పెట్టు గ్రుడ్లు సాధారణముగా ఇరువది, ముప్పదికి మించవు. ఆమె చచ్చినచో, లేక దారి మరచి గూడు చేరకున్నచో, సంసారమంతయు అక్కడితో సరి.

వరిలో దోమకు, కూరగాయలలో రసము పీల్చు పురుగులకు వాడు ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ వంటి మందులు మొక్క రసములో కలసి పుప్పొడికి, తేనెకు కూడ ఎక్కును. మట్టిలోను చాలకాలము నిలిచియుండును. పట్టులోని పిల్లకు దాదియీగలు మేత మార్చి పెట్టును. ఒంటరి ఈగ పిల్ల పచ్చి పుప్పొడినే తినును. కనుక మట్టి, ఆకు, మేత అను మూడు దారులను విషము దానిని చేరగలదు.

స్వీడన్ దేశమున 16 ఆవచేలలో జరిపిన పరిశీలన ఫలితములు 2015లో వెలువడినవి. క్లోథయానిడిన్ అను అదే జాతి మందు పట్టించిన విత్తనము చల్లిన 8 చేలలో ఒక్కదానియందును ఒంటరి ఈగలు గదులు కట్టలేదు. మందు లేని 8 చేలలో ఆరింట కట్టినవి. అచ్చటనే యుంచిన తేనెటీగల పెట్టెలలో చెప్పదగిన తేడా కనిపించలేదు! కావున తేనెటీగ బ్రతికినదిగదా యని మందు నిరపాయకరమనుట పొరపాటు. ఈ మూడు మందులను ఆరుబయట పంటలపై వాడరాదని ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించినది.

మన కొల్లేటి సీమలో నేలలో అధికభాగము నీటిక్రింద నుండును. ఈగకు మిగిలినవి గట్లు, మట్టిగోడలు, ఎండుకొయ్యలు, తాటాకు పాకల వెదుళ్లు మాత్రమే. వరిచేలో కొట్టిన మందు గాలికి తేలి చేరునది ఆ గట్టుమీదికే.

అందువలన చేయవలసినవి చాల సులభములు. పురుగు నిజముగా హద్దు మీరినదని చూచిన పిదపనే మందు వాడవలెను. పూతదశలో మొక్క రసములోని కెక్కు మందును మానవలెను. ఏ మందైనను తప్పనిచో ఈగలు తిరుగని సాయంవేళ, గాలి లేనప్పుడు కొట్టవలెను. గట్టు మూల నాలుగడుగుల నేలను త్రవ్వక విడిచి, నాలుగు వెదురుబొంగులను చూరున కట్టవలెను.

కూలి అడుగక, పెట్టె కోరక పనిచేయు ఈ ఒంటరి తల్లికి మనమీయవలసినది అంతమాత్రమే.