ఎద చక్రము – గర్భాశయపు రక్షణ గోడ

పుంగనూరు అనగానే ఎవరికైనను ఆ పొట్టి ఆవు గుర్తుకు వస్తుంది. పలమనేరు పశుపరిశోధన కేంద్రంలో ఆ జాతిని నేటికీ కాపాడుతున్నారు. మా రామసముద్రం చుట్టుపట్ల పల్లెలలో పాడిని నమ్ముకొన్న సంసారాలు ఎన్నో ఉన్నవి. ఆవుకు ఒకసారి ఎద తప్పితే మరల మూడు వారాలు ఆగవలెను. పదే పదే కట్టించినా చూడి నిలవకపోతే చివరకు సంతకు తోలవలసినదే. అది తలరాత అని సరిపెట్టుకొనుటకు ముందు, గర్భాశయంలోని ఒక సూక్ష్మమైన గోడను గురించి తెలుసుకొందాము.

గర్భాశయపు లోపలి తలాన్ని ఉపకళా కణాలు ఒకదానినొకటి ఆనుకొని కప్పి ఉంటాయి. కణాలను ఇటుకలనుకొంటే, వాటి మధ్య సందులను మూసే సున్నం వంటివి కొన్ని మాంసకృత్తులు. వీటిలో ఆక్లూడిన్‌ను 1993లోను, క్లాడిన్లను 1998లోను జపాను శాస్త్రజ్ఞుడు షోయిచిరో త్సుకిత బృందం కనుగొన్నది. సూక్ష్మజీవులను అడ్డగించుట, కణాల నడుమ ద్రవాల రాకపోకలను అదుపు చేయుట వీటి పని.

అయితే ఇది రాతిగోడ కాదు. అండాశయపు హార్మోన్లను అనుసరించి మారుచుండును. ఆవు ఎద చక్రం సుమారు 21 రోజులు. ఎద సమయంలో ఈస్ట్రోజన్ ప్రభావం అధికం. అప్పుడు గర్భాశయ ముఖద్వారం సడలుతుంది, స్వచ్ఛమైన తీగలు సాగుతాయి, వాటితోపాటు మలినాలు వెలుపలికి పోతాయి. అండం విడుదలైన పిదప ప్రొజెస్టిరోన్‌ది పైచేయి. ముఖద్వారాన్ని చిక్కని జిగురు మూసివేస్తుంది. ఎలుకలలో పిండం గర్భాశయానికి అంటుకొనే నాటికి కణాల మధ్య బిగుతు సంధులు మరింత లోతుకు దిగుతాయని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని పరిశీలనలు తెలిపినవి. స్త్రీల గర్భాశయపు పొర కూడ నెలసరి చక్రాన్ని అనుసరించి మారుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. తలుపు బిగిసిన ఈ దశలోనే కావలివాడు కునుకు తీస్తాడు. పిండాన్ని పరాయిదని తరిమివేయకుండ, ప్రకృతి గర్భాశయంలో రోగనిరోధక శక్తిని కొంత తగ్గిస్తుంది. అందుచేత ఈ రోజులలో లోపలికి చేరిన సూక్ష్మజీవులు సులభంగా పాతుకొంటాయి. ఎద లేని ఆవుకు కృత్రిమ గర్భధారణ గొట్టం వేయుట నిష్ఫలమే గాక హానికరం కూడ.

కనుక మనము పాటించవలసినవి స్వల్పమే. ఉదయం ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మరునాటి ఉదయం గర్భధారణ చేయించవలెను. చేతులు, పరికరాలు శుభ్రంగా ఉండవలెను. తీగలు అద్దంవలె ఉంటే మంచిది. చీము కలిసి మబ్బుగా ఉంటే కట్టించక పశువైద్యునికి చూపవలెను. ఈనిన ఆవుకు మాయ పడకుంటే మోటుగా లాగరాదు. లాగితే ఆ సున్నితమైన గోడయే చిరుగుతుంది.

విద్యార్థి మిత్రులారా! మనము చదివిన జీవశాస్త్రం పరీక్షతో ముగియరాదు. మన ఇంటి కొట్టంలో తీగను చూచి పెద్దలకు ఒక మాట చెప్పగలిగితే, ఒక ఆవు సంతకు పోకుండ నిలుస్తుంది. ఒక సంసారానికి పాలు మిగులుతాయి.