మెదడు ఆరోగ్యం – వంటనూనెలు: చేనులో మొదలయ్యే నాణ్యత

‘మెదడుకు మేలు చేసే నూనె’ అన్న మాట ఇటీవల ప్రకటనలలోను, సీసాలపై అంటించిన చీటీలలోను విరివిగా కనిపిస్తున్నది. ఆ మాటను నమ్మి అవిసె సాగు చేయవచ్చునా అని రైతు, ఏ నూనె కొనవలెనని గృహిణి అడిగినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త ఇచ్చే సమాధానానికి ఎంతో విలువ ఉంటుంది. ఒక కుటుంబపు ఖర్చు, ఒక ఎకరం భూమి, కొన్ని సందర్భాలలో ఒక రోగి చికిత్స దానిపై ఆధారపడి ఉంటాయి. కనుక ఈ విషయంలో నిరూపితమైనదేదో, కానిదేదో స్పష్టంగా తెలిసి ఉండాలి.

శోథ అంటే ఏమిటి?

ఇక్కడ శోథ అంటే దోమల ద్వారా వ్యాపించే మెదడువాపు వ్యాధి కాదు. మెదడులో మైక్రోగ్లియా అనే రక్షక కణాలు ఉంటాయి. సూక్ష్మక్రిములు ప్రవేశించినప్పుడు, కణాలు దెబ్బతిన్నప్పుడు ఇవి చైతన్యవంతమై టి.ఎన్.ఎఫ్.-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి సంకేత పదార్థాలను విడుదల చేస్తాయి. పని ముగిసిన తరువాత శాంతించవలసిన ఈ కణాలు ఏళ్ల తరబడి అదే స్థితిలో ఉంటే ఆరోగ్యంగా ఉన్న నాడీకణాలకు సైతం హాని కలుగుతుంది. అల్జీమర్స్, పార్కిన్సన్స్ వ్యాధులలో ఇట్టి దీర్ఘకాలిక శోథను గుర్తించారు.

మెదడు పొడి బరువులో సుమారు సగం కొవ్వు పదార్థాలే. నాడీకణాల పొరలలో ఒమేగా-6 వర్గానికి చెందిన అరాకిడోనిక్ ఆమ్లం, ఒమేగా-3 వర్గానికి చెందిన డి.హెచ్.ఎ. ముఖ్యమైనవి. మొదటిదాని నుంచి శోథను ప్రేరేపించే ప్రోస్టాగ్లాండిన్లు, రెండవదాని నుంచి శోథను ముగింపునకు తెచ్చే రిసాల్విన్లు, ప్రొటెక్టిన్లు తయారవుతాయి. ఈ రెండు వర్గాల మూల ఆమ్లాలైన లినోలిక్, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లాలను శరీరం స్వయంగా తయారుచేసుకోలేదు. కొన్ని కొవ్వు ఆమ్లాలు ఆహారం ద్వారానే అందాలన్న అవగాహనకు 1929లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో బర్ దంపతులు ఎలుకలపై చేసిన ప్రయోగాలు నాంది పలికాయి.

మన నూనెలలో ఏమున్నది?

సాధారణ కుసుమ నూనెలో సుమారు 75 శాతం, పొద్దుతిరుగుడు నూనెలో సుమారు 60 శాతం లినోలిక్ ఆమ్లం ఉంటుంది. నువ్వుల నూనెలో ఓలిక్, లినోలిక్ ఆమ్లాలు దాదాపు సమానం. తవుడు నూనెలో ఓలిక్ 40 శాతం, లినోలిక్ 33 శాతం వరకు ఉంటాయి. వీటన్నింటిలోను ఒమేగా-3 అత్యల్పం. సోయాచిక్కుడు నూనెలో సుమారు 7 శాతం, ఆవనూనెలో సుమారు 10 శాతం, అవిసె నూనెలో మాత్రం 50 శాతానికి పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఉంటుంది.

అంతమాత్రాన పొద్దుతిరుగుడు నూనె శోథను పెంచుతుందని చెప్పరాదు. ఆరోగ్యవంతులపై జరిపిన నియంత్రిత ప్రయోగాలలో లినోలిక్ ఆమ్లం పెరిగినందువల్ల రక్తంలోని శోథ సూచికలు పెరిగినట్లు తేలలేదు. అయితే రెండు వర్గాలూ శరీరంలో ఒకే ఎంజైముల కోసం పోటీపడతాయి. కాబట్టి వాటి మధ్య సమతుల్యత అవసరం.

అవిసె విషయంలోను అతిశయోక్తి తగదు. ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లంలో డి.హెచ్.ఎ.గా మారేది చాలా స్వల్ప భాగమే. 2010లో వెలువడిన అమెరికా ప్రయోగంలో అల్జీమర్స్ రోగులకు నాచు నుంచి తీసిన డి.హెచ్.ఎ.ను 18 నెలలపాటు నేరుగా ఇచ్చినా జ్ఞాపకశక్తి క్షీణత నెమ్మదించలేదు. నువ్వులలోని సెసమిన్, సెసమాల్ శోథను తగ్గిస్తాయన్న ఆధారాలు ప్రధానంగా ఎలుకలకు, కణ వర్ధనాలకు పరిమితమైనవి. మరొకవైపు, స్పెయిన్‌లో ఆలివ్ నూనె లేదా గింజలతో కూడిన మధ్యధరా ఆహారం తీసుకున్న వయోవృద్ధులలో గ్రహణశక్తి మెరుగ్గా ఉన్నట్లు 2015లో ప్రచురించిన ఫలితాలు తెలిపాయి. ఆ మేలు ఒక్క నూనెది కాదు, మొత్తం ఆహార విధానానిది.

నాణ్యత చేనులోనే నిర్ణయమవుతుంది

నూనె స్వభావాన్ని నిర్ణయించడంలో సేద్యశాస్త్రం పాత్ర చిన్నది కాదు. గింజ నిండే దశలో చల్లని వాతావరణం ఉంటే డీసాచురేజ్ ఎంజైములు చురుకుగా పనిచేసి అవిసెలో ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం పెరుగుతుంది. వేడి అధికమైతే అది తగ్గి ఓలిక్ ఆమ్లం పెరుగుతుంది. అందుచేత రబీలో అక్టోబరు–నవంబరు మాసాలలో సకాలంలో విత్తిన పైరుకు, ఆలస్యమై ఎండలకు చిక్కిన పైరుకు దిగుబడిలోనే కాక నూనె గుణంలోను భేదం ఉంటుంది. పొద్దుతిరుగుడులో రబీ పంట నూనెకు, వేసవి పంట నూనెకు వ్యత్యాసం ఉండటానికి కారణం ఇదే. నేలలో గంధకం లోపించిన చోట నూనె శాతం తగ్గుతుంది. వేరుశనగకు ఎకరాకు 200 కిలోల జిప్సం వేయడం ద్వారా కాల్షియంతోపాటు గంధకమూ అందుతుంది.

వంగడం ఎంపికా ముఖ్యమే. 2020లో విడుదలైన గిర్నార్-4, గిర్నార్-5 వేరుశనగ రకాలలో ఓలిక్ ఆమ్లం 80 శాతానికి చేరువలో ఉంటుంది. ఇట్టి నూనె త్వరగా కనరెక్కదు, వేడిని బాగా తట్టుకొంటుంది.

వంటింటిలో జాగ్రత్తలు

అవిసె నూనె గాలిలో త్వరగా ఆక్సీకరణ చెందుతుంది. రంగులు, వార్నిషులలో దానిని వాడటానికి కారణమైన ఆ గుణమే వేపుళ్ల విషయంలో దోషమవుతుంది. గింజలను దోరగా వేయించి, కొద్దికొద్దిగా పొడి చేసుకొని అన్నంలో కలుపుకోవడం మేలు. 7 గ్రాముల పొడిలో సుమారు 1.6 గ్రాముల ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం లభిస్తుంది. మరిగించిన నూనెనే మళ్లీ మళ్లీ వాడితే హానికరమైన ఆల్డిహైడ్లు ఏర్పడతాయి. మొత్తం ధ్రువ సమ్మేళనాలు 25 శాతం దాటిన నూనెను వాడరాదని దేశంలో 2018 నుంచి నిబంధన అమలులో ఉన్నది.

విస్తరణ శాస్త్రవేత్తలు మరొక విషయం గమనించాలి. కోస్తా జిల్లాలలో అవిసె అనగానే తమలపాకు తీగకు ఆసరాగా పెంచే చెట్టు గుర్తుకు వస్తుంది. నూనెనిచ్చే అవిసె నీలిపూలు పూచే రబీ పైరు. శిక్షణ తరగతులలో మొక్కను, గింజను చూపించి చెబితే పొరపాటుకు తావుండదు.

నూనెలను మార్చి మార్చి మితంగా వాడమని, ఆహారంలో ఒమేగా-3 వనరు ఒకటి ఉండేలా చూడమని, ఏ నూనెనూ ఔషధంగా భావించి వైద్యుడిచ్చిన మందులు మానవద్దని చెప్పడం నేటి ఆధారాలకు తగిన సలహా. అవిసె వేయదలచిన రైతుకు మాత్రం మెదడు పేరిట వాగ్దానం చేయకూడదు. కొనుగోలుదారు ఎవరో, ధర ఎంతో ముందుగా విచారించి, అనువైన నల్లరేగడి నేలలో, తొలి ఏడాది కొద్ది విస్తీర్ణంలోనే సాగు చేయమని సూచించాలి.