గని మైసమ్మ – గ్యాస్ మీటర్: బొగ్గుగనుల్లో మత విశ్వాసం, విజ్ఞానశాస్త్రం

ఉపోద్ఘాతం

మత విశ్వాసానికి, విజ్ఞానశాస్త్రానికి పొత్తు కుదురుతుందా అనే చర్చ సాధారణంగా సృష్టి, జీవపరిణామం వంటి అంశాల చుట్టూ సాగుతుంది. సింగరేణి గనులున్న గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో అది ప్రాణరక్షణకు సంబంధించిన ప్రశ్న. ఇక్కడి కార్మికులు గని మైసమ్మకు మొక్కి బాయిలోకి దిగుతారు. అదే బాయిలో మీథేన్ శాతాన్ని పరికరాలతో కొలుస్తారు. ఈ రెండింటి స్వభావాన్ని, వాటి మధ్య ఉండవలసిన హద్దును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సిద్ధాంత నేపథ్యం

మతానికి, విజ్ఞానశాస్త్రానికి గల సంబంధాన్ని ఇయాన్ బార్బర్ సంఘర్షణ, స్వతంత్రత, సంభాషణ, సమన్వయం అని నాలుగు విధాలుగా వర్గీకరించాడు. అయితే ఒకే వ్యక్తిలో రెండూ కలిసి ఉండటం వేరు, రెండింటి ప్రతిపాదనలు తర్కబద్ధంగా పొసగటం వేరు. మొదటిది అనుభవంలో కనిపించే విషయం. రెండవదాన్ని విచారించి తేల్చుకోవాలి.

ప్రమాదం – విశ్వాసం

మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ 1925లో ప్రచురించిన వ్యాసంలో ట్రోబ్రియాండ్ దీవుల జాలరులను ఉదాహరించాడు. ప్రమాదం లేని ఉప్పుటేరులో వేటకు వారు తమ నైపుణ్యాన్నే నమ్ముకుంటారు. నడిసముద్రపు వేటకు మాత్రం క్రతువులు జరుపుతారు. ఆ నడిసముద్రపు వేటలోనూ వారు పడవ నడిపే నైపుణ్యాన్ని వదులుకోరు. మైసమ్మ మొక్కును కూడా ఈ కోణంలో అర్థం చేసుకోవచ్చు. అది గాలిలోని వాయువుల గురించి చేసే ప్రతిపాదన కాదు. భయాన్ని అదుపు చేసుకొని, తోటివారితో కలిసి పనిలోకి దిగడానికి తోడ్పడే ఆచారం.

కొలత – నియమం

గాలిలో మీథేన్ సుమారు 5 నుండి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. ఈ వాయువుకు రంగు, వాసన లేవు. కనుక ఎంతటి అనుభవజ్ఞుడైనా ఇంద్రియాలతో దాన్ని పసిగట్టలేడు. బొగ్గుగనుల నిబంధనలు (1957) గనిలో ఏ చోటనైనా మీథేన్ 1.25 శాతానికి మించరాదన్నాయి. నీరు నిలిచి ఉండగల పాత పనిస్థలాలకు 60 మీటర్ల లోపు చేరినప్పుడు ముందస్తు అనుమతి లేనిదే తవ్వకం సాగరాదన్నాయి. ఈ అంకెల విషయంలో మొక్కుకు ఎలాంటి ప్రమేయమూ లేదు.

హద్దు ఎక్కడ?

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిని నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు మరణించారు. ఇటువంటి దుర్ఘటనను "విధిరాత" అనడంలో రెండు అర్థాలకు అవకాశం ఉంది. దుఃఖితులు ఓదార్పుకోసం ఆ మాట అంటే దానికి విజ్ఞానశాస్త్రంతో వైరం లేదు. కారణాన్వేషణకు బదులుగా అదే మాట నిలిస్తే విచారణ ఆగిపోతుంది, బాధ్యత మరుగునపడుతుంది, తరువాతి షిఫ్టులో దిగేవారికి రక్షణ తగ్గుతుంది. విశ్వాసం విజ్ఞానశాస్త్రంతో ఘర్షణ పడేది ఈ చోటనే.

ముగింపు

భారత రాజ్యాంగం 25వ అధికరణం మతస్వేచ్ఛను హామీ ఇస్తుంది; 51ఎ(హెచ్) అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అంటుంది. గని జీవితంలో ఈ రెండూ కలిసి సాగగలవు. అయితే ఆ పొత్తు షరతులతో కూడినది. ధైర్యం కోసం, స్మృతి కోసం మొక్కు నిలవవచ్చు. బాయిలోకి దిగవచ్చునా, వెంటనే పైకి రావాలా అన్న నిర్ణయం మాత్రం కొలత మీదనే ఆధారపడాలి. మైసమ్మకు మొక్కిన కార్మికుడు మీటరు హెచ్చరించగానే వెనుదిరిగితే అతని భక్తికి లోటు రాదు. మొక్కామన్న ధీమాతో మీటరును పక్కన పెడితే మాత్రం అతనితోపాటు తోటివారి ప్రాణాలూ ప్రమాదంలో పడతాయి.