ల్యాప్‌టాప్ కొనే ముందు తెలుసుకోవలసిన నాలుగు మాటలు



2021లో మా అమ్మాయి ఇంజనీరింగులో చేరినప్పుడు, ఆమెకు వచ్చిన స్కాలర్‌షిప్‌కు కొంత కలిపి ల్యాప్‌టాప్ కొన్నాను. అంగడిలో '1 టీబీ మెమరీ' అన్నారు. ఇంత మెమరీ ఉంటే నాలుగేళ్లూ దిగులుండదనుకున్నాను. ఆరు నెలలు తిరగకముందే అది మొరాయించసాగింది. నేను చూసిన మెమరీ వేరు, చూడవలసిన మెమరీ వేరు అని రిపేరు చేసే అబ్బాయి చెబితేగానీ తెలియలేదు. ఆ పొరపాటు మీకు జరగకూడదని ఇది రాస్తున్నాను.

ల్యాప్‌టాప్‌ను ఒక వంటిల్లు అనుకోండి.

ప్రాసెసర్: ఇది వంట చేసే మనిషి. లెక్కలన్నీ చేసేది ఇదే. పేరు ఒక్కటే చూస్తే చాలదు. ఇంటెల్ ఐ5 పేరు 2009 నుంచి ఉంది. దానిలో ఎన్నో తరాలు వచ్చాయి. పాత ల్యాప్‌టాప్ కొనేవారు ఏ తరమో తప్పక అడగాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో సాధారణంగా 8వ తరం, ఆ తర్వాతివి కావాలి.

ర్యామ్: ఇది వంటగట్టు. తెరిచి పని చేస్తున్నవన్నీ దీని మీద ఉంటాయి. గట్టు చిన్నదైతే మాటిమాటికీ సామాను గదికి పరుగెత్తాలి. అందుకే ల్యాప్‌టాప్ నెమ్మదిస్తుంది. విండోస్ 11కు కనీసం 4 జీబీ చాలంటారు గానీ, దానితో చదువు సాగదు. మామూలు పనికి 8, ఇంజనీరింగుకు 16 జీబీ ఉంటే మేలు. ల్యాప్‌టాప్ ఆపితే ర్యామ్‌లో ఉన్నది చెరిగిపోతుంది. కాబట్టి రాసింది ఎప్పటికప్పుడు సేవ్ చేయండి.

స్టోరేజి: ఇది సామాను గది. ఆపినా ఇందులోవి భద్రం. నేను చూసిన 1 టీబీ ఇదే. ఇందులో హార్డ్‌డిస్క్ అంటే గిరగిర తిరిగే పళ్లెం. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, చాలా వేగం. 1 టీబీ హార్డ్‌డిస్క్ కంటే 512 జీబీ ఎస్‌ఎస్‌డీ విద్యార్థికి మేలు. 512 అని కొన్నది విండోస్‌లో 476గా కనబడితే మోసమనుకోకండి. తయారీదారు వెయ్యి చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తాయి.

మదర్‌బోర్డు: వీటన్నిటినీ కలిపే పలక. కొన్నిటిలో ర్యామ్‌ను దీనికే అతికించేస్తారు, తర్వాత పెంచడం కుదరదు. మాకు జరిగింది అదే. 4 జీబీ ర్యామ్ అలాగే ఉండిపోయింది. హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే కొంత నయమైంది, కానీ ఆ ఖర్చు అదనం.

అంగడివారు కన్నడం మాట్లాడినా, తమిళం, ఒడియా, మరాఠీ మాట్లాడినా ఈ నాలుగు పేర్లు ఇవే. కనుక భాష గురించి జంకవద్దు. ప్రాసెసర్ ఏ తరం? ర్యామ్ ఎంత, పెంచవచ్చా? స్టోరేజి ఎస్‌ఎస్‌డీయేనా? డబ్బు కట్టక ముందే ఈ మూడూ అడిగి, జవాబులు బిల్లు మీద రాయించుకోండి.