ఆంగ్లమున కర్మణి తుమర్థకము

ఆంగ్లగ్రంథములను తెనిగించువారికి పెద్ద పదములకన్న చిన్న పదములే తరచుగా చిక్కులు కలిగించును. ‘టు బి’, ‘టు హావ్ బీన్’ అనునవి అట్టివి. వీని భేదమును గుర్తింపనిచో వ్యాకరణమే కాదు, విషయమే తారుమారగును.

ఆంగ్లమున ‘వ్రాయు’ అను అర్థముగల క్రియకు ప్రధానమైన తుమర్థకరూపములు నాలుగు. ‘టు రైట్’ కర్తరి. ‘టు బి రిటెన్’ కర్మణి. వీనికి పూర్వకాలమును సూచించు రూపములు క్రమముగా ‘టు హావ్ రిటెన్’, ‘టు హావ్ బీన్ రిటెన్’ అనునవి. ‘రిటెన్’ అను రూపముతో గూడిన ‘బి’ కర్మణిని తెలుపును. ‘హావ్’ పూర్వత్వమును తెలుపును. ఈ పనుల విభజన తెలిసినవారికి రూపములను వేరువేరుగా వల్లెవేయవలసిన అగత్యము లేదు.

తుమర్థకమునకు స్వతంత్రమైన కాలము లేదు. ప్రధానక్రియను బట్టియే దాని కాలమును గ్రహింపవలెను. ‘ది సాంగ్ ఈజ్ సెడ్ టు బి సంగ్ ఎట్ వెడ్డింగ్స్’ అన్నచో, ఆ పాటను నేటికిని పెండ్లిండ్లలో పాడుదురని చెప్పుట. ‘టు హావ్ బీన్ సంగ్’ అన్నచో, ఒకప్పుడు పాడెడివారని చెప్పుట. అనువాదకుడు ఈ రెంటిని ఒకటిగా భావించినచో, ప్రజల నోట నిలిచియున్న పాట గతించినదగును. గతించిన పాట నిలిచియున్నదగును.

ఊహకును కర్తవ్యమునకును గల భేదము కూడ ఇట్టిదే. ‘మస్ట్ హావ్ బీన్ డన్’ అనగా పని జరిగియుండవలెనని ఊహ. ‘షుడ్ హావ్ బీన్ డన్’ అనగా జరుగవలసియుండెనని, కాని జరుగలేదని సామాన్యార్థము. ‘ది మీటింగ్ వాజ్ టు హావ్ బీన్ హెల్డ్’ అనువాక్యము సభ జరిగినదని చెప్పదు. తలపెట్టిన సభ జరుగలేదని ధ్వనింపజేయును. చరిత్రరచనలో ఇచ్చట పొరబడినచో, జరుగని సంఘటన జరిగినట్లు గ్రంథమున కెక్కును.

సమాపకక్రియలలో ‘హాజ్ బీన్ రిటెన్’ అనునది గతమున జరిగిన పనిని వర్తమానముతో ముడివేయును. ‘హాడ్ బీన్ రిటెన్’ మరియొక గతసంఘటనకు పూర్వమును, ‘విల్ హావ్ బీన్ రిటెన్’ రాబోవు ఒక సమయమునకు పూర్వమును సూచించును. గతించిన నిర్దిష్టకాలమును చెప్పినపుడు మొదటి రూపము చెల్లదు. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడినదని చెప్పుటకు ‘వాజ్ పబ్లిష్డ్’ అనవలెనే గాని ‘హాజ్ బీన్ పబ్లిష్డ్’ అనరాదు. తెలుగున ‘వెలువడినది’ అను ఒక్క రూపమే రెండు సందర్భములకును చాలును గనుక మన విద్యార్థులు ఇచ్చట తడబడుట సహజము.

ఇక తెనిగించు విధము. ఆంగ్లమున కర్మణి కనిపించినచోటనెల్ల ‘బడు’ చేర్చుట తెలుగు నుడికారమునకు సరిపడదు. ‘వ్రాసిన కవి’, ‘వ్రాసిన పుస్తకము’ అనుచోట్ల ‘వ్రాసిన’ అను ఒక్క రూపమే మొదట కర్తకును, పిదప కర్మకును విశేషణమగుచున్నది. అందుచేత ‘ఎ బుక్ టు బి రెడ్’ అనుదానికి ‘చదువవలసిన పుస్తకము’ అన్న చాలును. ‘చదువబడవలసిన పుస్తకము’ అననక్కరలేదు. ఆంగ్లమునందును ‘ఎ హౌస్ టు లెట్’ వంటిచోట్ల కర్తరిరూపమే కర్మణ్యర్థమును ఇచ్చుచున్నది.

అయినను ‘బడు’ను తొలగించు తొందరలో, మూలమున లేని కర్తను తెచ్చిపెట్టరాదు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగపు 21వ అధికరణమున ‘షల్ బి డిప్రైవ్డ్’ అని యున్నది. ‘షల్’ వెంట వచ్చుటచే ఇది ‘టు’ లేని కర్మణి తుమర్థకము. చట్టము నిర్ణయించిన పద్ధతి ననుసరించి తప్ప ఎవరి ప్రాణమును గాని వ్యక్తిస్వేచ్ఛను గాని హరింపరాదని దాని భావము. హరించువాడెవడో వాక్యము చెప్పదు. అనువాదకుడు ‘రక్షకభటులు హరింపరాదు’ అని వ్రాసినచో, ఇతరాధికారులకు ఆ నిషేధము వర్తింపదన్న భ్రమ కలుగును. ‘హరింపరాదు’ అని విడిచినచో ‘బడు’ అక్కరలేకయే కర్త అవ్యక్తముగా నిలుచును, శాసనార్థమును చెడదు.

కావున అనువాదకుడు మొదట పని ఎప్పటిదో, జరిగినదో లేదో, కర్తను ఏల చెప్పలేదో విచారింపవలెను. అవి తేలిన పిమ్మట తగిన క్రియారూపము తెలుగులోనే దొరకును.